"కత్తి కాంతారావు" అని వెతికితే అల్లరి నరేష్ వస్తున్నాడు, మా అమ్మమ్మ ఊరుకోవట్లేదు

వేళచ్చేరి లావణ్య:

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మకి ఈ మధ్య కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. ఆమెది హుజూర్‌నగర్ దగ్గర పల్లెటూరు, రెండేళ్లుగా మా దగ్గరే చెన్నైలో ఉంటోంది. అరవం రాదు, పక్కింటి వాళ్లతో సైగలే. ఇప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సోఫాలో కూర్చుంటోంది. రోజూ కాసేపు టీవీ చూడొచ్చని డాక్టరు చెప్పిన పూటే మొదలుపెట్టింది, "కత్తి కాంతారావు సినిమా ఒకటి పెట్టవే" అని.

నేను అదే మాట టైపు చేశాను. 2010లో వచ్చిన అల్లరి నరేష్ కామెడీ తగిలింది. ఇదేనేమో అనుకుని పెట్టేశాను. అమ్మమ్మ పది నిమిషాలు ఓపిగ్గా చూసి, "వీని చేతిల కత్తేదే?" అంది.

తర్వాత అసలు మనిషి ఎవరో చెప్పింది. "మా కోదాడ దిక్కు పిలగాడు. కత్తి పట్టిండంటే రామారావు సుత పక్కకి జరగాల్సిందే" అంటోంది. ఇందులో సొంతూరి అభిమానం ఎంత, నిజం ఎంత? నాకు తెలిసిన పాత హీరోలు ముగ్గురో నలుగురో, ఆ లిస్టులో ఈయన లేడు. ఆయన నిజంగా అంత పెద్ద స్టారా? ఏ సినిమా ముందు చూపించాలి? ఇంకో మాట. చివర్లో చాలా ఇబ్బంది పడ్డాడని అమ్మ చెప్పింది. ఎందుకలా అయింది? అమ్మమ్మకి ఆ సంగతి తెలీదు, చెప్పాలా వద్దా అని కూడా టెన్షన్‌గా ఉంది.

టీనగర్ బాలు:

"గురువును మించిన శిష్యుడు" పెట్టండి. 1963. ఇంకేం ఆలోచించకండి.

పాతరీలు:

అమ్మాయ్, ముందు అమ్మమ్మ గారికి నా నమస్కారం చెప్పు. ఊరి విషయంలో ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబరు 16న కోదాడ దగ్గర గుడిబండలో పుట్టాడు. మిగతాదానికి కాస్త పెద్ద జవాబే రాయాలి. నాకు పనేం లేదు, నువ్వు తీరిగ్గా చదువుకో.

నేనెవరినో చెప్పాలి కదా. 1972లో గూడూరులో రైలెక్కి మద్రాసులో దిగాను. కోడంబాక్కంలో ఒక ఎడిటింగ్ రూములో అసిస్టెంటుకి అసిస్టెంటుగా చేరాను. ఇప్పుడు శాలిగ్రామంలో మా అబ్బాయి ఫ్లాట్లో ఉంటున్నాను. కాంతారావు గారితో నాకు పరిచయం లేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అప్పట్లో కోడంబాక్కంలో పని చేసిన ప్రతివాడూ ఇప్పుడు "ఆయనా నేనూ కలిసి కాఫీ తాగాం" అంటాడు, నేనలా అనను. కానీ ఆయన కత్తియుద్ధాలు నా చేతుల్లోంచి పోయాయి. ఎలాగో చెప్తా.

నన్ను పనిలో పెట్టుకున్న నిర్మాత ఒకాయన మూడు నెలల జీతం ఎగ్గొట్టాడు. పేరెందుకులే, ఆయనా లేడు, ఆ కంపెనీ కూడా లేదు. గది అద్దె కట్టాలి కదా, సాయంత్రాలు ఒక డిస్ట్రిబ్యూటరు గోడౌన్‌లో ప్రింట్లు బాగుచేసే పనికి పోయేవాణ్ని. అప్పట్లో పాత జానపదాలు, అంటే రాజులూ కత్తులూ మాయలూ ఉండే సినిమాలు, వేసవి సెలవులకీ సంక్రాంతికీ మళ్లీ మళ్లీ పల్లెల మీదకి వెళ్లేవి. టూరింగ్ టాకీసుల్లో ఆడి తిరిగొచ్చిన డబ్బా మూత తీస్తే దుమ్ము, చీమలు, ఒక్కోసారి బీడీ ముక్క. ఒక రీలు వెయ్యడుగులు, తెర మీద పదకొండు నిమిషాలు. అడుగుకి పదహారు ఫ్రేములు. దాన్ని రివైండర్ మీద మెల్లిగా తిప్పుతూ, అంచుల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పోనివ్వాలి. ఎక్కడ చిరిగిందో వేలికే తెలుస్తుంది. అక్కడ ఆపి, చెడిన ఫ్రేములు కత్తిరించి, కొసన మసాలా, అంటే బొమ్మ ఉండే పూత, బ్లేడుతో గీకి, ఫిలిం అతికే సిమెంటు రాసి, రెండు కొసలూ కలిపి నొక్కి పట్టుకుని ఇరవై లెక్కపెట్టాలి. అదీ జాయింటు. ఒక్కో జాయింటుకి ఒకటో రెండో ఫ్రేములు శాశ్వతంగా పోతాయి.

జానపదాల ప్రింట్లలో జాయింట్లు ఎక్కడ ఎక్కువుండేవో చెప్పుకో. కత్తియుద్ధాల దగ్గర. జనం "వన్స్ మోర్" అని గోల చేస్తే ఆపరేటరు రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేసేవాడు, అందుకే అక్కడ ఎక్కువ నలిగిందని నా లెక్క. కొన్నిచోట్ల యుద్ధం మధ్యలో నాలుగైదు జాయింట్లు లెక్కపెట్టాను. స్టారా కాదా అని అడిగావు చూడు, ఆ అతుకుల్ని చూసినవాణ్ని అడిగితే సందేహమే లేదు.

ఇప్పుడు నేను దగ్గరగా చూసిన సంగతి. ఆ ముక్కని లైటు పెట్టె మీద పరిచి భూతద్దంలో చూస్తే కత్తి కనపడదు. కత్తి ఉండాల్సిన చోట తెల్లగా ఒక గీత, పొగలాగా. వరసగా ఏడెనిమిది ఫ్రేముల్లో అంతే. విలన్ రాజనాల గారి మొహం మాత్రం ఒక్కో ఫ్రేములో ఒక్కోలా ఉంటుంది, ఒకదాంట్లో కన్ను పెద్దది, ఒకదాంట్లో పళ్లు, ఒకదాంట్లో మెడ నరాలు. కాంతారావు గారి మొహం చూస్తే అన్ని ఫ్రేముల్లోనూ ఒకటే. భుజం కదిలింది, మణికట్టు కదిలింది, కిరీటం మీద ఈక కూడా కదిలింది, మొహం మాత్రం నిలకడగా ఉంది. ఆ సన్నటి మీసం అలాగే, పెదవి చివర ఆ కొంచెం నవ్వు అలాగే. అంత చిన్న ముక్కలో కూడా ఎవడు గెలుస్తాడో తెలిసిపోయేది.

ఇంకో కిటుకు కూడా చెప్తా, నువ్వు చూసేటప్పుడు పనికొస్తుంది. మామూలుగా కెమెరా సెకనుకి 24 ఫ్రేములు తీస్తుంది. ఫైట్లకి 18కో 16కో దించి తీసేవాళ్లు. తెర మీద మళ్లీ 24తో వేస్తే మనుషులు చకచకా కదులుతారు. దీనికి ఖర్చు లేదు కాబట్టి అందరూ చేసిందే. కాకపోతే అలా తీసినప్పుడు చాలామంది తోలుబొమ్మల్లా కనపడతారు, ఉత్తరీయం గాల్లోంచి దబుక్కున పడిపోతుంది. కాంతారావు గారు ప్రతి దెబ్బ తర్వాత అర క్షణం ఆగుతారు. ఆగి, ఎదుటివాడి వైపు చూసి, మళ్లీ అందుకుంటారు. ఆ ఆగడంతో స్పీడు మోసం కళ్లకి కనపడదు. దాన్ని ఎవరైనా నేర్పారో, ఆయనకే తోచిందో గానీ, అసలు విద్య అదే. కత్తులదేముంది, చెక్కవి, అల్యూమినియంవి. ఒకదానికొకటి తగిలితే "టప్" అంటాయి. ఖణేల్ మనే చప్పుడు తర్వాత రికార్డింగ్ థియేటర్లో కలిపేవాళ్లు.

ఇక జీవితం. నాటకాల పిచ్చితో మద్రాసు వచ్చాడు. హెచ్.ఎం. రెడ్డి గారు, అంటే 1932లో "భక్త ప్రహ్లాద" తీసిన ఆయన, 1951లో "నిర్దోషి"లో చిన్న వేషం ఇచ్చి, 1953లో "ప్రతిజ్ఞ"కి హీరోని చేశారు. రాజనాల గారికి మొదటి సినిమా కూడా అదే. తెలుగు జానపదానికి హీరోనీ విలన్నీ ఒకే పెద్దాయన ఒకే సినిమాలో ఇచ్చి వెళ్లాడన్నమాట. తర్వాత ఎన్టీఆర్ సొంత సంస్థ తీసిన "జయసింహ" 1955లో. అక్కణ్నుంచి నాలుగేళ్లకి జానపదాల డైరెక్టరు విఠలాచార్య గారి "జయవిజయ". అదీ మలుపు.

విఠలాచార్య గారి లెక్కలు వేరు. తక్కువ డబ్బు, తక్కువ రోజులు, ఒక సెట్టు వేస్తే దానికే తెరలు మార్చి, స్తంభాలు జరిపి నాలుగు రాజ్యాలు చూపించేవారు. ఆ లెక్కకి సరిపోయే హీరో కావాలి. గుర్రం ఎక్కగలగాలి, పద్యం పాడితే పెదాలు కుదరాలి, దెయ్యంతో మాట్లాడుతున్నా నవ్వు రాకూడదు. చివరిది చాలా కష్టం, నమ్ము. రాక్షసుడి బొమ్మ ముందు నిలబడి, అది ఊగుతున్న తాడు కనపడుతుంటే, నిజంగా భయపడ్డట్టు చూడాలి. "కనకదుర్గ పూజా మహిమ", "గురువును మించిన శిష్యుడు", "నవగ్రహ పూజా మహిమ", "జ్వాలాద్వీప రహస్యం", ఇవన్నీ ఆ ఐదారేళ్లలోవే. అమ్మమ్మ గారు చూసినవి కూడా ఇవే అయ్యుండాలి.

చివరి రోజుల సంగతి రాయడం నాకూ ఇష్టం లేదు గానీ అడిగావు కాబట్టి రాస్తున్నా. రెండు జరిగాయి. 1966లో "గూఢచారి 116" వచ్చింది, 1971లో "మోసగాళ్లకు మోసగాడు" వచ్చింది. కుర్రకారుకి కత్తి పాతదైపోయింది, చేతిలో తుపాకీ కావాల్సి వచ్చింది. చిత్రం ఏంటంటే ఆ రెండింట్లోనూ హీరో కృష్ణ గారే, 1967లో ఇదే కాంతారావు గారి పక్కన "ఇద్దరు మొనగాళ్లు"లో రెండో మొనగాడు. రెండోది, ఈయన నిర్మాత అయ్యాడు. హైమా ఫిలింస్ అని పెట్టి, 1969లోనే "సప్తస్వరాలు", "గండర గండడు", తర్వాత "ప్రేమజీవులు", 1974లో "గుండెలు తీసిన మొనగాడు". సంపాదించింది అందులో కరిగిపోయింది. హీరో వేషాలు తగ్గుతున్న రోజుల్లోనే సొంత డబ్బు పెట్టడం... ఎంతమందిని చూశానో అలా. పానగల్ పార్కు బెంచీల మీద కూర్చుని వేషం కోసం ఎదురుచూసే కొత్తవాళ్ల కంటే, ఒకప్పుడు కారు దిగిన గేటు ముందే ఆటోలో దిగే పాతవాళ్లని చూడటం కష్టం.

తర్వాత హైదరాబాదు వెళ్లిపోయారు. చిన్న వేషాలు వేశారు, టీవీ సీరియళ్లు చేశారు. మొత్తం నాలుగు వందల పైగా సినిమాలు. 2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. 2009 మార్చి 22న హైదరాబాదులోనే పోయారు, క్యాన్సర్. 85 ఏళ్లు.

అమ్మమ్మ గారికి ఇవన్నీ ఇప్పుడు చెప్పకు. ఆపరేషన్ అయిన కన్ను, ఏడిస్తే మంచిది కాదు.

కావలి ఎన్టీఆర్ ఫ్యాన్, అంబత్తూర్:

పెద్దాయనా, రాసింది బాగుంది గానీ కొంచెం ఎక్కువైంది. ఎన్టీఆర్ డేట్లు దొరకనివాళ్లు కాంతారావు దగ్గరికి పోయేవాళ్లు, అంతే కదా. "పాతాళభైరవి" ముందు ఈ చుట్టేసిన సినిమాలు ఏ మూలకి? విఠలాచార్య కూడా "బందిపోటు"ని అన్నగారితోనే తీశాడు. పక్కకి జరగడం మాట ఆ అమ్మమ్మ గారు వెనక్కి తీసుకోవాలి.

పాతరీలు:

బాబూ, అమ్మమ్మ గారి మాట ఆవిడే చూసుకుంటారు, నేను మధ్యలోకి రాను. డేట్ల విషయం నువ్వన్నది చాలావరకు నిజమే, ఒప్పుకుంటాను. పెద్ద డబ్బు ఉన్నవాళ్లు అటు, చిన్న డబ్బు ఉన్నవాళ్లు ఇటు. అందులో చిన్నతనమేం లేదు. పెద్ద సినిమా ఏడాదికి ఒకటి వస్తుంది, మిగతా రోజుల్లో నేల టికెట్టువాడు ఎక్కడికి పోవాలి?

రామారావు గారి సినిమాల్లోనే ఈయన్ని చూడు. "నర్తనశాల"లో ఆయన బృహన్నల కాబట్టి కృష్ణుడి కిరీటం ఎవరికి పెట్టారు? కాంతారావు గారికి. తెలుగువాళ్లకి కృష్ణుడంటే రామారావు గారే అని ముద్ర పడ్డాక, ఆయన ఎదురుగా నిలబడి కృష్ణుడిగా నవ్వాలి. ఆ పని చేసి చూపించిన మనిషి. "లవకుశ"లో లక్ష్మణుడు. ఇక నారదుడంటావా, లెక్కే లేదు. "శ్రీకృష్ణ తులాభారం"లో అన్నగారిని అంగడిలో నిలబెట్టి బేరం పెట్టింది ఎవరనుకున్నావ్? ఈయనే. 1969లో "ఏకవీర" చూడు, ఇద్దరూ పక్కపక్కన ఉంటారు. విశ్వనాథ సత్యనారాయణ గారి కథ, కత్తులతో పని లేదు. అందులో ఈయన తేలిపోయాడని నువ్వు చెప్తే అప్పుడు మాట్లాడుకుందాం.

కావలి ఎన్టీఆర్ ఫ్యాన్, అంబత్తూర్:

తులాభారం పాయింటుకి నా దగ్గర జవాబు లేదు. "ఏకవీర" చూళ్లేదు. చూసి వస్తా.

జయనగర్ రాఘవ, బెంగళూరు:

చిన్న మాట చేరుస్తాను. విఠలాచార్య గారు ఉడుపి వైపు ఉద్యావర మనిషి. కన్నడంలో సినిమాలు మొదలుపెట్టి మద్రాసు వచ్చి తెలుగువాళ్లకి జానపద బ్రహ్మ అయ్యారు. మా నాన్న ఇక్కడ ఎవరింటికి వెళ్లినా ఈ సంగతి చెప్పి, కన్నడిగులు మనకి చేసిన ఉపకారాల లిస్టు తీసేవాడు, మేం ఇబ్బందిగా కూర్చునేవాళ్లం. ఒక సందేహం. హీరోలు డబ్బు కోసమో డేట్ల కోసమో పేచీ పెడితే ఆయన కథలో శాపం పెట్టించి చిలకగానో మేకగానో మార్చేసి మిగతా షూటింగ్ కానిచ్చేవాడంటారు. నిజమేనా?

పాతరీలు:

ఆ చిలక కథ నేనూ విన్నాను. మా గదిలో నలుగురం ఉండేవాళ్లం, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పేవాళ్లు, ఒకడి కథలో ఎలుగుబంటి కూడా ఉంది. కళ్లతో చూసినవాడు మాత్రం ఎవడూ తగల్లేదు. కానీ చిలకకి భోజనం, కారు, మేకప్‌మేన్ అక్కర్లేదు, కాబట్టి ఆయన లెక్కలకి సరిపోయే కథే.

వేళచ్చేరి లావణ్య:

అందరికీ చాలా థాంక్స్. పాతరీలు గారూ, మీ జవాబు అమ్మకి చదివి వినిపించాను, చివరి మూడు పేరాలు మాత్రం వంటింట్లోకి తీసుకెళ్లి.

ఆదివారం "జ్వాలాద్వీప రహస్యం" పెట్టాం. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రింటు, నిండా గీతలు. "వాన పడ్తాందే" అంది అమ్మమ్మ, నల్లద్దాలు ఎత్తి చూసి. కాంతారావు తెర మీదకి రాగానే సోఫాలో ముందుకి జరిగి కూర్చుంది. తర్వాత గంటసేపు నాకు సినిమా వినపడలేదు, ఎవరు ఎవరి మీదకి వస్తారో, ఏ తలుపు వెనక ఎవరున్నారో అన్నీ ఆమే ముందే చెప్పేస్తోంది. కరెక్టుగా సగమే వచ్చాయి, మిగతా సగం వేరే సినిమావి అయ్యుంటాయి.

నేను మాత్రం మీరు చెప్పిందే చూస్తూ కూర్చున్నా. దెబ్బ, ఆగడం, చూపు, మళ్లీ దెబ్బ. ఒకసారి తెలిశాక అది తప్ప ఇంకేం కనపడట్లేదు, కొంచెం మీ మీద కోపం కూడా వచ్చింది. రామారావు పక్కకి జరగడం గురించి ఫ్యాన్ గారి డిమాండ్ అమ్మమ్మకి చెప్పాను. "ఆయనది ఆయనకే, ఈయనది ఈయనకే" అని, అంతలోనే "అయినా కత్తి మాత్రం మావోడే" అంది.

ఒక డౌట్. ఫైటు మధ్యలో ఒకచోట బొమ్మ తటాలున ఎగిరింది. మనిషి ఎడమవైపు ఉన్నవాడు కన్ను మూసి తెరిచేలోగా రెండడుగులు కుడివైపు తేలాడు, చప్పుడు కూడా తెగింది. అది మీరు చెప్పిన జాయింటేనా?

పాతరీలు:

జాయింటే. అంత తెలిసిపోయిందంటే ఎనిమిది, పది ఫ్రేములు పోయుంటాయి. నాది కాదులే. నేను వేసింది అయితే నీకు తెలిసేది కాదు.